బేంకు, ఫేను, సత్యానందం మాస్టారు

పోయినవారం మనం శారోన్‌ని దొరబాబు చొక్కా జేబుకి ఎదురుగా నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా ఎండలో అలాగే నిలబడి ఉంది. "ఆ జేబులో ఏముందో చెప్పకుండా ఎలా ఆపేరండీ" అని మలికిపురం నుంచి ఒక టీచరమ్మగారు ఫోన్ చేసి మరీ నన్ను దులిపేశారు. చెబుతున్నానండీ, అందుకే కదా కూర్చున్నాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. శారోన్‌ది రాజోలు దగ్గర చినలంక. హైదరాబాదులో ఒక కంపెనీ, నోటితో చెబితే పని చేసిపెట్టే ఫోన్ యాప్ తయారుచేస్తోంది. ఆ ఫోనుకి హైదరాబాదువాళ్ళ "బ్యాంక్" తెలుసు గానీ కోనసీమవాళ్ళ "బేంకు" తెలియదు. "ఫ్యాన్" అంటే తిప్పుతుంది, "ఫేను" అంటే మొహం వేలాడేస్తుంది. అందుకని రోజూ వాడే రెండొందల ఇంగ్లీషు మాటల్ని ఏ ఊరివాళ్ళు ఎలా పలుకుతారో అలాగే రికార్డు చేయించడానికి కంపెనీ మనుషుల్ని పెట్టుకుంది. శ్రీకాకుళంవైపు సాగదీత ఒకరు పంపుతున్నారు, కర్నూలువైపు గట్టి పలుకు ఇంకొకరు పంపుతున్నారు. కోనసీమ శారోన్ వంతు. మూడు నెలలు పని చూస్తారు. నచ్చితే ఇంటిపట్టున ఉండి చేసుకునే పర్మినెంటు ఉద్యోగం.

శారోన్ నలభై మందికి బొమ్మలు చూపించి, పేర్లు చెప్పించి, రికార్డు చేసి పంపింది. నలభైకి నలభై వెనక్కి వచ్చేశాయి. "మీ ఊళ్ళో అందరూ రేడియోలో వార్తలు చదువుతారా?" అని అడిగాడు టీమ్ లీడర్ వంశీధర్. "ఇవి మామూలుగా మాట్లాడే గొంతులు కావు. ఎవరో నేర్పించారు. శుక్రవారం సాయంత్రానికి సరైనవి రాకపోతే కోనసీమని లిస్టులోంచి తీసేస్తాం. నీ సంగతి కూడా అప్పుడే తేలుస్తాం."

ఇవాళ బుధవారం. నేర్పించిందెవరని ఊరంతా అడిగినా ఎవరూ నోరు విప్పలేదు. ఆఖరికి కొబ్బరికాయల వ్యాపారం చేసే దొరబాబు జేబులోంచి ఒక న్యూస్‌పేపరు ముక్క తొంగిచూసింది. వేలెడు వెడల్పు, జానెడు పొడవు. కత్తెరతో నీటుగా కత్తిరించింది.

ఆ ముక్క శారోన్‌కి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. తాతగారు దాన్ని తన మూతి ముందు వేలాడదీసి "పెన్ అనమ్మా" అనేవారు. నోటి గాలికి కాగితం ఊగితే పాసు. ఊగకపోతే ఊగేదాకా పెన్ను, పేపరు, పెన్ను, పేపరు.

"బాబాయ్‌గారూ, ఈ కాయితం ఎక్కడిది?"

"అదేం లేదమ్మా. ఊరికే."

"మా తాతగారు ఇచ్చేరా?"

"ఆయ్," అనేశాడు దొరబాబు. అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ ఏం లాభం. మనవైపు మనిషి ఎంత దాచాలనుకున్నా, పెద్దాయన పేరు వినబడితే "ఆయ్" దానంతటది వచ్చేస్తుంది.

ఇక మొత్తం చెప్పేశాడు. "చర్చి వెనక గదిలో అమ్మా. వారం రోజులు, సాయంత్రం ఐదింటికి. మాస్టారు మమ్మల్నందరినీ వరసగా కూచోబెట్టి ఒక్కో మాటా పట్టించేరు. బేంకు అనకూడదంట, బ్యాంక్ అనాలంట. గేసు కాదంట, గ్యాస్ అంట. టీ కూడా ఇచ్చేరు. రికార్డింగు అయిపోయినా క్లాసు ఆపలేదమ్మా, మళ్ళీ వస్తారేమో అని."

"నాతో ఒక్కమాట చెప్పకూడదండీ?"

"నీకు తెలీకుండా చేస్తే సంతోషపడతావన్నారు. హైదరాబాదు కంపెనీ కదమ్మా. ఇంటికి చుట్టాలొస్తే ఉతికిన దుప్పటి పరుస్తాం. మాట మాత్రం మాసింది పరుస్తామా?"

శారోన్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తన ఉద్యోగం నిలబెట్టాలని ఊరు ఊరంతా వారం రోజులు కష్టపడి, తన ఉద్యోగం ఊడగొట్టే దాకా తెచ్చింది. ఇంత మర్యాదగా ముంచేవాళ్ళు ఇంకే జిల్లాలోనూ దొరకరు. నా మీద కోప్పడకండి, నేనూ ఆ బాపతే. ఈ సీరియల్లో బుద్ధిగా "వచ్చారు, చెప్పారు" అని రాస్తున్నాను గానీ, మా ఇంట్లో "వచ్చేరు" అనకపోతే ఒంట్లో బాగోలేదేమో అని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు.

ఇల్లు చేరేసరికి నాలుగు గంటలు కావస్తోంది. సత్యానందం మాస్టారు వసారాలో కూర్చుని, ఇస్త్రీ చొక్కా నలగకుండా వీపు నిటారుగా పెట్టి, ఆదివారం పేపరుని ముక్కలు కత్తిరిస్తున్నారు. ఆయనకి డెబ్భై నాలుగేళ్ళు. హైస్కూల్లో ముప్ఫైనాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. రాజోలు చుట్టుపక్కల టీచర్లు, నర్సులు, క్లర్కులు, ఎవర్ని కదిపినా ఆయన కాగితం ముక్క ముందు ఊదినవాళ్ళే.

"నా రికార్డింగులు ఎందుకు వెనక్కి వచ్చేసేయో తెలిసింది తాతగారూ."

"ఎందుకమ్మా?" కత్తెర ఆగలేదు.

శారోన్ దొరబాబు ముక్కని ఆయన ఒళ్ళో పెట్టింది. కత్తెర ఆగింది.

"మడిచి జేబులో పెట్టుకోవద్దని చెప్పేను వాడికి," అన్నారు మాస్టారు.

"తాతగారూ, వాళ్ళకి కావలసింది మన ఇంటి మాటండీ. మనం వంటింట్లో, రోడ్డు మీద ఎలా అంటామో అలా."

"ఫోటో తీస్తామంటే తల దువ్వుకుని కూచోమా? ఇదీ అంతే."

"ఇది ఫోటో కాదండీ, ఎక్స్‌రే. ఎక్స్‌రేకి ఎవరైనా పౌడరు రాసుకుని వెళ్తారా?"

లోపల రొయ్యలు ఒలుస్తున్న మామ్మ సుందరమ్మ పకపకా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. కత్తెర పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నవ్వుతారు శారోన్," అన్నారు నెమ్మదిగా. "ఎవడో హైదరాబాదులో కూచుని చెవులకి తగిలించుకుని వింటాడు. పక్కింటి రాహేలు ఆ పైన తిరిగేదాని పేరు మనలాగే చెబుతుంది. వాడు పక్కవాణ్ణి పిలిచి మళ్ళీ వినిపిస్తాడు. ఇద్దరూ కలిసి మన రాహేలుని చూసి నవ్వుతారు. నేను బతికుండగా అది జరగనివ్వను."

శారోన్ ఒక సంగతి గమనించింది. ఉదాహరణకైనా సరే, ఆయన నోట ఆ "ఫేను" రాలేదు. పైన తిరిగేది అన్నారు.

"మిమ్మల్ని చూసి ఎవరు నవ్వేరండీ తాతగారూ?"

ఆయన ఇంటి ముందు కాలవకేసి చూపు తిప్పుకున్నారు. మామ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "నేను చెప్పనాండీ?" అని అడిగింది. ఆయన వద్దనలేదు.

"బీఈడీ చదివేటప్పుడు తల్లీ. మీ ముత్తాతగారు పాలేరుతనం చేసేరు. ఆ వంశంలో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటి మనిషి మీ తాతగారే. చేరిన వారంలోనే లేచి పాఠం చదవమన్నారు. అందులో బేంకు అని ఉందంట. ఈయన మనం అన్నట్టే అన్నారు. క్లాసంతా నవ్వింది. లెక్చరరు సరదా పడి ఆ ఒక్క మాటా ఇరవైసార్లు అనిపించేడు. ఇరవైసార్లూ నవ్వేరు. పక్క బెంచీలో ఉమామహేశ్వరరావని, మన ఐనవిల్లి ఆయనే, పేరు కూడా పెట్టేడు. బేంకు సత్యానందం. ఏడాది పొడుగునా అదే పేరు. హాస్టల్లో ఈయన కంచం మీద కూడా మేకుతో అదే గీసేరు."

"ఐనవిల్లి ఆయనైతే, ఆయన కూడా మనలాగే అంటారు కదా మామ్మా."

"అందుకే అందరికంటే గట్టిగా నవ్వేడు," అన్నారు మాస్టారు కాలవ మీంచి చూపు తిప్పకుండానే.

ఆ ఏడాది సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు మొదలుపెట్టారట ఆ కాగితం ముక్క. రోజూ పొద్దున్నే కాలవగట్టున నిలబడి, మూతికి అడ్డంగా పట్టుకుని, ఒక్కో మాటా వందసార్లు. ఆ తరవాత తన దగ్గర చదివిన పిల్లలెవర్నీ చూసి ఎవరూ ఎక్కడా నవ్వకూడదని పంతం పట్టారు. పంతం నెగ్గించుకున్నారు కూడా.

శారోన్‌ కోపం ఎటు పోయిందో పోయింది. కానీ శుక్రవారం ఎటూ పోలేదు.

"మరి నా ఉద్యోగం తాతగారూ?"

"చదువుకున్నదానివి. ఇంకోటి వస్తుందమ్మా. నవ్వులపాలైంది మాత్రం పోదు," అన్నారాయన. ఆ గొంతులో గద్దింపు లేదు, బెంగ ఉంది.

అప్పుడు సుందరమ్మ, ఏమీ ఎరగనట్టు, "మీ మేచ్ మొదలై చాలాసేపైందండీ" అంది.

"మ్యాచ్," అని సరిదిద్దుతూ మాస్టారు లేచారు.

ఆ ఇంట్లో మేచ్ ఉన్నరోజు టీవీ గది తలుపు వేసి ఉంటుంది. తాతగారికి అలికిడి పడదని మామ్మ చెప్పేది. శారోన్ చిన్నప్పటి నుంచీ అదే నమ్మింది. ఇవాళ మామ్మ తలుపు వేయలేదు. పెదాల మీద వేలు పెట్టి, మనవరాల్ని ఆయన కుర్చీ వెనక పీట మీద కూర్చోబెట్టింది.

మొదటి పావుగంట ఏమీ లేదు. మాస్టారు చేతులు కట్టుకుని, ఇన్‌స్పెక్షనుకి వచ్చినవాడిలా చూస్తున్నారు. తరవాత బంతి ఒకటి ఆకాశంలోకి లేచింది. కింద మనవాడొకడు వెనక్కి వెనక్కి పరిగెడుతున్నాడు. మాస్టారు కుర్చీ అంచుకి జరిగారు.

"కేచ్... కేచ్ అది... చూసుకోరా నాయనా, ఎండ కళ్ళల్లో పడుతోంది... ఇంకొంచెం వెనక్కి... కేచ్ పట్టరా బాబూ..."

బంతి వాడి చేతుల్లో పడి, జారి, గడ్డిలో దొర్లింది.

"వదిలేసేడు. అరచేతుల్లో పెట్టిన కేచ్ వదిలేసేడు వెధవ. బేటుకి తగిలిన చప్పుడు రాజోలు దాకా వినబడింది. ఆ బేట్స్‌మేన్ కూడా అయిపోయిందనుకుని నడిచేస్తున్నాడు. ఇలాంటి వాడికి మళ్ళీ ఫేన్సు ఒకటి."

శారోన్ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఒక చెయ్యి చాలలేదు.

పీట కిర్రుమంది. మాస్టారు వెనక్కి తిరిగారు. మనవరాల్ని చూశారు, తెరిచి ఉన్న తలుపు చూశారు, తలుపుకి ఆనుకుని నిలబడ్డ భార్యని చూశారు. టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది. ముగ్గురూ సబ్బుని చూస్తూ కాసేపు గడిపారు.

"రేడియోలో కామెంటరీ వినే రోజుల నుంచీ, నలభై ఎనిమిదేళ్ళుగా ఆ తలుపు వేస్తున్నాను తల్లీ," అంది సుందరమ్మ. "మామూలు రోజుల్లో ఈయన మాస్టారు. మేచ్ ఉన్నరోజు మా ఆయన."

ముందు శారోన్ నవ్వింది. ఆపుకోబోయి ఇంకా నవ్వింది. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అది ఆయనకీ తెలిసిందనుకుంటాను. మీసం కింద పెదవి ఒక పక్కకి కదిలింది.

"రికార్డు చేసేవా?"

"లేదండి. మిమ్మల్ని అడక్కుండా ఎలా చేస్తాను."

మాస్టారు టీవీ కట్టేశారు. రిమోటు పక్కన పెట్టారు.

"నన్ను చూసి నవ్వినది ఒక్కటే అయితే ఈపాటికి మరిచిపోదునమ్మా," అన్నారు. "ఉద్యోగం వచ్చిన నెలలో మా నాన్నని తీసుకుని రాజోలు వెళ్ళేను, ఖాతా తెరవడానికి. దారిలో కనబడిన ప్రతివాడికీ చెప్పేడు. 'మావోడికి బేంకులో పనుందండి.' రేవు దగ్గర చెప్పేడు. టీకొట్టు దగ్గర ఆగి మరీ చెప్పేడు. లోపల గుమాస్తాకి కూడా చెప్పబోయేడు. నేను అందరి ముందూ అడ్డం పడ్డాను. 'బేంకు కాదు నాన్నా, బ్యాంక్' అన్నాను."

సుందరమ్మ గుమ్మంలో కూలబడింది. ఇన్నేళ్ళ కాపరంలో ఈ సంగతి ఆవిడ కూడా వినలేదు.

"గుమాస్తా నవ్వేడు. నాన్న కూడా నవ్వేడు. ఆ తరవాత పదకొండేళ్ళు బతికేడు. ఆ మాట మళ్ళీ అనలేదు. ఎవరైనా అడిగితే 'మావోడు రాజోలు పనిమీద ఎళ్ళేడండి' అనేవాడు. నాకు జరిగిందే నేను ఆయనకి చేసేను శారోన్. ఇరవైసార్లు అక్కర్లేకపోయింది. ఒక్కసారికే అయిపోయింది."

శారోన్ పీట ముందుకి జరుపుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"ముత్తాతగారి గొంతు ఎలా ఉండేదండీ?"

"ఇందాక కేచ్ వదిలేసినప్పుడు విన్నావు కదా," అన్నారు మాస్టారు. "అదే."

"అది రికార్డు చేసి దాచుకుందామండీ తాతగారూ. ఎవరికీ నవ్వు రాదు. వచ్చినా మనకేం పోదు."

గోడ గడియారం ఐదు గంటలు కొట్టింది. క్లాసు టైము. మాస్టారు లేచి, చొక్కా సర్దుకుని, వసారాలో కత్తిరించిన ముక్కలన్నీ పోగుచేసి, పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తాయని భార్య చేతికిచ్చారు. "నీ ఫోను తీసుకుని రా," అన్నారు శారోన్‌తో.

చర్చి వెనక గదిలో ముప్ఫై మందికి పైగా బుద్ధిగా కూర్చుని ఉన్నారు. కొందరు అప్పటికే ముక్కలు మూతి ముందు పట్టుకుని ఊదుతున్నారు. మాస్టారు చేత్తో ఆపమన్నారు.

"నేను నేర్పింది తప్పు కాదు. ఇంటర్వ్యూలకీ వాటికీ ఉంచుకోండి. శారోన్‌కి కావలసింది మాత్రం మీ ఇంటి మాట. ఇవాళ్టి నుంచి బేంకు బేంకే."

గదిలో గుసగుసలు బయలుదేరాయి. దొరబాబు లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "అలాగేనండీ మాస్టారూ. అయితే అది కూడా రెండు రోజులు ప్రాక్టీసు చేయిస్తారాండీ? మళ్ళీ తప్పులు పోతే బాగోదు."

శారోన్ తల పట్టుకుంది. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించారు. ముప్ఫైనాలుగేళ్ళు పిల్లల్ని చదివించిన మనిషి, ఎవరి నోరు ఎక్కడ తెరుచుకుంటుందో ఆయనకి తెలుసు. ఫోను బల్ల మధ్యలో పెట్టించారు. దాని మీద ఎర్రచుక్క వెలుగుతోందని అందరికీ చూపించారు. గొంతు సవరించుకుని, ముందు వరసలో ఉన్న రాహేలుని పలకరించారు.

"రాహేలూ, మీ ఇంటికి గేసు వచ్చిందా?"

అంతే. రాహేలు కాగితం ముక్క కిందపడేసింది.

"ఎక్కడండీ మాస్టారూ. బుక్కింగు చేసి పన్నెండు రోజులైందండి. ఏజెన్సీకెళ్తే బేంకుకెళ్ళమంటారు. బేంకుకెళ్తే కంప్యూటరు పనిచెయ్యట్లేదంటారు. ఆ కార్డు బేగులో పెట్టుకుని తిరిగి తిరిగి చెప్పులరిగిపోయేయండి. వాళ్ళేమో ఫేను కింద సుబ్బరంగా కూచుని, రేపు రామ్మా అంటారు. మొన్న మా ఆయన ఫోను చేస్తే లైను కలవదు. కలిస్తే ఒకటి నొక్కు రెండు నొక్కు అంటది. నేను మాత్రం దాని పీక నొక్కుదామనుకున్నానండి."

ఆ వెనక నుంచి ఇంకెవరో అందుకున్నారు, మా ఇంట్లో కరెంటు మీటరు సంగతి వినండి అని. ఇంకొకరికి ఆటో ఇంజను. దొరబాబుకి కొబ్బరికాయల లోడు ఆపేసిన చెక్‌పోస్టు. ముక్కలన్నీ ఎప్పుడు నేల పాలయ్యాయో ఎవరూ చూసుకోలేదు. శారోన్ ఒక్కొక్కరి దగ్గరికీ ఫోను జరపడం, రెండొందల మాటల పట్టీలో టిక్కులు పెట్టడం. ఆరున్నరకల్లా పద్నాలుగు మంది గొంతులు తయారు. బొమ్మలు చూపించి వారం రోజులు కష్టపడినా రాని మాటలు, గంటన్నరలో గంపలకెత్తినట్టు వచ్చాయి. మాస్టారు కిటికీ దగ్గర నిలబడి, పరీక్షల్లో స్కూలు ఫస్టు వచ్చిన రోజున నవ్వినట్టు నవ్వుతున్నారు.

అప్పుడే ఫోనుకి మెసేజి వచ్చింది. వంశీధర్. శారోన్ పైకే చదివింది.

"శుక్రవారం దాకా ఆగక్కర్లేదు. గొంతులు అసలైనవో కావో తేల్చడానికి మా భాషా సలహాదారు స్వయంగా రేపు పొద్దున్న మీ ఊరు వస్తున్నారు. ఆయన కూడా మీ కోనసీమవారే. ఆయన విని సరేనంటేనే నీ ఉద్యోగం. పేరు రిటైర్డ్ ప్రొఫెసర్ ఉమామహేశ్వరరావుగారు, ఐనవిల్లి."

చదువుతూ చదువుతూ శారోన్ గొంతు తగ్గిపోయింది. గదిలో గోల మాత్రం తగ్గలేదు, వాళ్ళకి ఆ పేరు తెలియదు. మాస్టారు కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"మీరు రేపు అమలాపురం అత్తయ్యగారింటికి వెళ్ళిపోండి తాతగారూ. నేను చూసుకుంటాను," అంది మెల్లగా. "మెసేజి చివర ఇల్లు ఎక్కడో గుర్తు చెప్పమని అడిగేరు. ఏం రాయనండీ?"

మాస్టారు కింద పడి ఉన్న కాగితం ముక్కని వంగి తీశారు. దాన్ని మూతి ముందు పెట్టుకోలేదు. నలిపి జేబులో వేసుకున్నారు.

"గుర్తులెందుకమ్మా," అన్నారు, ముప్ఫై మందికీ వినబడేలాగ. "బస్సు దిగి, బేంకు సత్యానందం ఇల్లెక్కడ అని అడగమను."